పాత మారుతి 800 ఇంజన్‌లో టక్‌టక్ చప్పుడు: షెడ్డులో ఇంజన్ దింపాలంటున్నారు, ఏం చేయమంటారు?

ఓరుగల్లు_1999 (హనుమకొండ)
అందరికీ నమస్కారం. మా బాపు 1999లో కొన్న మారుతి 800 ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. ఏసీ లేని మోడల్, కార్బ్యురేటర్ బండి, ఏపీ 36 నంబరు. ఆయన రిటైరయ్యాక నేనే నడుపుతున్నాను. రోజూ సుబేదారి నుంచి కాజీపేటకు, పండుగలకు ములుగు దగ్గర మా ఊరికి. ఇంతవరకు దారిలో ఎక్కడా ఆపలేదు.

ఈమధ్య ఇంజన్ నుంచి టక్ టక్ అని లోహం మీద లోహం తగిలే చప్పుడు మొదలైంది. బండి నిలబెట్టి ఉన్నప్పుడు, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంటే స్పష్టంగా వినిపిస్తుంది. రేస్ ఇస్తే తగ్గిపోతుంది, లేదా మిగతా మోతలో కలిసిపోతుంది, ఏదో చెప్పలేను. పొద్దున చల్లగా ఉన్నప్పుడు తక్కువ. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఎక్కువ. రాత్రి అయితే మరీ ఎక్కువ, బహుశా రోడ్డు మీద సందడి లేకపోవడం వల్ల కావచ్చు.

మా వైపు ఒక షెడ్డులో చూపించాను. బానెట్ తెరిచి, ఒక్కసారి రేస్ ఇచ్చి, కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కడ్డీ) బేరింగులు పోయాయి, ఇంజన్ దింపాలి, క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) లేత్‌కు పంపాలి, ముప్పై వేలు దాటుతుంది అన్నారు. బండి అమ్మితే అంత వస్తుందో రాదో. బాపు మాత్రం "అమ్మే మాట ఎత్తవద్దు" అంటున్నారు. ఏం చేయమంటారు?

పానా_పట్టుకున్నవాడు (ఎనుమాముల)
ముందు ఆయిల్ చూశారా? బండి చదునైన చోట నిలబెట్టి, ఇంజన్ ఆపి పది నిమిషాలు ఆగి, ఆయిల్ కొలిచే పుల్ల తీసి తుడిచి మళ్లీ పెట్టి చూడండి. కింది గీత దగ్గర ఉంటే మిగతా చర్చంతా తర్వాత.

రెండో_గేర్ (కరీంనగర్)
నాకు సొంత షెడ్డు ఉంది, ఇలాంటివి చాలా చూశాను. వేడెక్కాక పెరిగే చప్పుడు బేరింగుదే. ఆయిల్ పలచబడితే బేరింగుకు, క్రాంకుకు మధ్య పొర నిలవదు, సందు కొట్టుకుంటుంది. అంత పాత ఇంజన్‌లో అరగకుండా ఉంటుందా? ఇప్పుడే దింపితే క్రాంకు గ్రైండింగ్‌తో సరిపోతుంది. ఆలస్యం చేస్తే క్రాంకే మార్చాలి. అక్కడివాళ్లు చెప్పింది సబబే.

జనగామ_జీప్
అన్నా, అంత ఖర్చెందుకు? చిక్కటి ఆయిల్ వేయండి. షాపుల్లో చిన్న డబ్బాల్లో జిగట ద్రవం దొరుకుతుంది, ఇంజన్ ఆయిల్‌లో కలిపితే చప్పుడు మాయం.

పానా_పట్టుకున్నవాడు
చప్పుడు మాయమవుతుంది, జబ్బు ఉంటుంది. బండ్లు అమ్మేవాళ్లు కొనేవాడు వచ్చే రోజు పొద్దున చేసే పని అది. పాత బండి కొనేటప్పుడు ఆయిల్ పుల్ల తీసి వేళ్ల మధ్య రాసి చూడమని ఇందుకే చెబుతాను. తేనెలా సాగితే ఆ బేరం వదిలేయండి.

ఓరుగల్లు_1999
ఆయిల్ చూశాను. రెండు గీతల మధ్య, పైగీతకు దగ్గరగానే ఉంది. వేసవికి ముందే మార్పించాను, 20డబ్ల్యూ-40 రకం. రంగు నల్లబడింది కానీ చిక్కగా లేదు. ప్రెషర్ లైటు తాళం తిప్పగానే వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరిపోతుంది.

కాజీపేట_లోకో
నమస్కారం బాబూ. నేను కాజీపేట డీజిల్ లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. అక్కడ మాకు 16 సిలిండర్ల ఆల్కో ఇంజన్లు. అంత పెద్ద ఇంజన్‌ను అనుమానం మీద ఎవరూ విప్పరు. విప్పాలంటే పై అధికారికి కారణం రాసి ఇవ్వాలి. ఆ అలవాటుతో చెబుతున్నాను: ముప్పై వేలు పెట్టేముందు కారణం రాయగలిగే స్థితికి రండి.

చప్పుడు టక్‌టక్ అని ఉందా, టిక్‌టిక్ అని ఉందా అన్నది పక్కన పెట్టండి. ఒకే చప్పుడును నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు. అది ఎప్పుడు మారుతుందో చూడండి. చల్లగా ఉన్నప్పుడు, వేడిగా ఉన్నప్పుడు. బరువు పడినప్పుడు, పడనప్పుడు. క్లచ్ నొక్కినప్పుడు, వదిలినప్పుడు. ఒక్కో భాగం ఒక్కో మార్పుకు స్పందిస్తుంది.

రాడ్ బేరింగు పోతే చప్పుడు బరువుతో పెరగాలి. ఫాతిమానగర్ వంతెన ఎక్కేటప్పుడు మూడో గేర్‌లో కొంచెం గట్టిగా ఎక్సలరేటర్ తొక్కండి, అద్దాలు దించి వినండి. వంతెన పైకి చేరి కాలు తీసినప్పుడు కూడా వినండి. ధడ్ ధడ్ అని లోతైన మోత అప్పుడు బయటపడాలి. మీరు రాసినది తలకిందులుగా ఉంది. బండి నిలబడి ఉంటే చప్పుడు, రేస్ ఇస్తే తగ్గుదల. అది నాకు బేరింగు లక్షణంగా అనిపించడం లేదు.

రెండోది, ప్లగ్గు వైరు పరీక్ష. మీది డిస్ట్రిబ్యూటర్ ఉన్న కార్బ్యురేటర్ బండి కాబట్టి సులువు. ఇంజన్ ఆపి ఒక ప్లగ్గు వైరు తీసి, దాని కొనకు ఒక పాత ప్లగ్గు తగిలించి, ఆ ప్లగ్గు ఒళ్లు ఇంజన్ లోహానికి ఆనేలా కట్టండి. నిప్పురవ్వ గాలిలో వెతుక్కోకుండా అక్కడ పడుతుంది, కాయిల్ పాడు కాదు, మీకు షాకు కొట్టదు. తర్వాత స్టార్ట్ చేసి అర నిమిషం వినండి. మూడు సిలిండర్లకూ వంతులవారీగా చేయండి. ఏ సిలిండర్ పని చేయకపోతే చప్పుడు పడిపోతుందో ఆ సిలిండర్ పిస్టన్ దగ్గరో, రాడ్ దగ్గరో లోపం ఉన్నట్లు. ఏది తీసినా మార్పు లేకపోతే లోపల మండే బలానికి ఈ చప్పుడుతో సంబంధం లేనట్లు.

మూడోది, పొడవాటి స్క్రూడ్రైవర్. పిడిని చెవి ముందున్న ఎముకకు ఆనించి, కొనను ఇంజన్ మీద ఒక్కోచోట పెట్టండి. పైన వాల్వ్ కవర్, కింద ఆయిల్ చాంబర్, పక్కన బెల్టు వైపు. చొక్కా చేతులు, మెడలో కండువా, తాయత్తు ఏదీ వేలాడకుండా చూసుకోండి. బెల్టుకు చుట్టం పక్కం తెలియదు.

రెండో_గేర్
పెద్దాయన అనుభవానికి దండం. కానీ రైలు ఇంజన్ వేరు, 800 వేరు. ప్లగ్గు వైర్లు పీకుతూ కూర్చుంటే షెడ్డులో రోజుకు ఎన్ని బండ్లు చూడగలం?

కాజీపేట_లోకో
మీరు చూడలేరు తమ్ముడూ, నిజమే. అందుకే ఆయనను ఇంటి దగ్గర చూసుకోమంటున్నాను.

పరకాల_టీచర్
ట్యాపెట్ల గురించి, అంటే వాల్వ్‌లను నొక్కి తెరిచే భాగాల గురించి ఎవరూ మాట్లాడలేదు. మా బండికి గ్యాస్ కిట్ ఉంది. ట్యాపెట్లు టిక్ టిక్ అంటుంటే చాలాకాలం విసుక్కున్నాను. ఒక వేసవిలో అవి వాటంతట అవే నిశ్శబ్దమయ్యాయి. బండి బాగుపడిందని సంతోషించాను. కొద్ది నెలలకు పికప్ పోయింది, పొద్దున స్టార్ట్ కాదు. హెడ్డు తీస్తే ఒక ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు కాలి, ఒకపక్క చిన్న నోరు తెరిచి ఉంది.

మెకానిక్ వివరించాడు. గ్యాస్ పొడి ఇంధనం. పాత ఇంజన్లలో వాల్వ్ కూర్చునే చోటు దానితో మెల్లగా అరిగి, వాల్వ్ పైకి జరుగుతుంది. జరిగిన కొద్దీ రాకర్‌కు (వాల్వ్‌ను నొక్కే చేయి), వాల్వ్‌కు మధ్య ఉండాల్సిన సందు మూసుకుపోతుంది. సందు లేకపోతే చప్పుడు ఉండదు, కానీ వాల్వ్ పూర్తిగా మూసుకోదు. వాల్వ్ తన వేడిని వదిలించుకునేది మూసుకుని కూర్చున్నప్పుడే. అది లేక కాలిపోతుంది. కాబట్టి గ్యాస్ బండి ఉన్నవాళ్లు చప్పుడు తగ్గిందని మురిసిపోకుండా ఫీలర్ గేజితో సందు కొలిపించుకోండి.

కాజీపేట_లోకో
టీచరు గారు రాసినది అక్షరాలా నిజం. కొంచెం మోగే ట్యాపెట్‌తో ఏళ్ల తరబడి నడపవచ్చు. బిగిసిన ట్యాపెట్‌తో నడపలేం. 800లో రాకర్ చివర స్క్రూ, నట్టు ఉంటాయి, సర్దుబాటు గంటలోపు పని. కొలత బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, చల్లటి ఇంజన్‌కు ఒకటి, వేడి ఇంజన్‌కు ఒకటి. కొలిచేవాడు ఏ కొలత వాడుతున్నాడో అడిగి తెలుసుకోండి.

ఓరుగల్లు బాబు చప్పుడు ట్యాపెట్‌దో కాదో తెలియాలంటే ఒక ఉపాయం. వాల్వ్‌లను తెరిపించే కామ్ షాఫ్టు తిరిగేది క్రాంకులో సగం వేగంతో. ఇంజన్ నిమిషానికి 900 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వ్ 450 సార్లే తెరుచుకుంటుంది, అంటే సెకనుకు ఏడెనిమిది. ఫోనులో రికార్డు చేసి సగం వేగంతో వింటే లెక్కకు అందుతుంది. అంతకంటే బాగా వేగంగా మోగితే ట్యాపెట్ కాదని అనుకోవచ్చు. మీ ఐడిల్ (ఎక్సలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) ఎంతుందో కచ్చితంగా తెలియకపోతే ఈ ఒక్క లెక్కనే నమ్ముకోవద్దు.

నిర్మల్_ఘాట్
మధ్యలో నా ప్రశ్న. మా పాత హ్యాచ్‌బ్యాక్ మహబూబ్ ఘాట్ ఎక్కేటప్పుడు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్లు చప్పుడు చేస్తుంది. ఘాట్ దాటి చదునుకు వస్తే ఏమీ లేదు. అందరూ పెట్రోల్‌లో కలుపుతున్న ఇథనాల్ వల్లే అంటున్నారు.

గనుల_బండి (గోదావరిఖని)
మీది నాక్. పెట్రోలు, గాలి మిశ్రమం మంట చేరేదాకా ఆగకుండా ఒత్తిడికి, వేడికి తనంతట తాను అంటుకున్నప్పుడు వచ్చే చప్పుడు. బరువు, ఎండ, తప్పు గేరు మూడూ కలిస్తే వస్తుంది. దీనికి ఇథనాల్‌ను తిట్టడం అన్యాయం. ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ, అంటే అది నాక్‌ను తగ్గించే వైపే పని చేస్తుంది. పాత బండ్లకు దానితో వచ్చే చిక్కు వేరు. రబ్బరు పైపులు, సీళ్లు గట్టిపడి పగులుతాయి, కార్బ్యురేటర్ బండ్లలో మిశ్రమం పలచబడుతుంది. ఇ20కి (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) తగిన రబ్బరు, లోహాలతో బండ్లు ఎక్కువగా రావడం 2023 ఏప్రిల్ నుంచే. అంతకు ముందువి ఉన్నవాళ్లు పెట్రోల్ పైపులను వేలితో వంచి చూసుకోండి, పగుళ్లు కనిపిస్తే వెంటనే మార్చండి.

నాక్‌కు మీరు చూడాల్సినవి: పిస్టన్ తలల మీద పేరుకున్న మసి, ఇగ్నిషన్ టైమింగ్ ముందుకు జరిగిందేమో, రేడియేటర్ సగం మూసుకుపోయిందేమో. ఇవన్నీ తర్వాత. ఈ వారం ఘాట్ ఎక్కితే నాలుగో గేర్‌లో కుంటుకుంటూ కాకుండా మూడుకో రెండుకో దించండి. చాలావరకు అక్కడే తగ్గుతుంది.

భద్రకాళి_చెరువు
నా కారు కూడా పాతదే. గేరు వేయకుండా నిలబెట్టినప్పుడు గరగర అంటుంది. క్లచ్ పెడల్ నొక్కితే ఆగిపోతుంది. క్లచ్ బేరింగు అని చెప్పి ఒకచోట మార్చారు, డబ్బు పోయింది, చప్పుడు అలాగే ఉంది.

కాజీపేట_లోకో
అమ్మా, ఇందులో ఒక తిరకాసు ఉంది. పెడల్ నొక్కినప్పుడు చప్పుడు వస్తే క్లచ్ బేరింగు. నొక్కినప్పుడు ఆగిపోతే గేర్‌బాక్సులోకి వెళ్లే షాఫ్టు బేరింగు, ఎందుకంటే పెడల్ నొక్కగానే ఆ షాఫ్టు తిరగడం ఆగుతుంది. మీది రెండోది. గేర్‌బాక్సు ఆయిల్ మట్టం చూపించండి, తక్కువ ఉంటే నింపించి కొంతకాలం నడపండి. కొత్త బండిలో కూడా కొద్దిపాటి గరగర ఉంటుంది, గేర్ల మధ్య సందు వల్ల. పెరుగుతుంటేనే విప్పించండి.

ఓరుగల్లు_1999
పెద్దాయన చెప్పినవన్నీ చేశాను. ఫాతిమానగర్ వంతెన మీద మూడో గేర్‌లో ఎక్కితే కొత్త చప్పుడేమీ రాలేదు, టక్‌టక్ కూడా వినిపించలేదు. ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటిగా తీశాను. బండి వణికింది, చప్పుడు మాత్రం మూడుసార్లూ అలాగే ఉంది. స్క్రూడ్రైవర్ పెడితే వాల్వ్ కవర్ మీద మామూలు టిక్‌టిక్, ఆయిల్ చాంబర్ దగ్గర దాదాపు ఏమీ లేదు. బెల్టు వైపు పెట్టగానే చెవి గింగురుమంది. ఫోనులో రికార్డు చేసి సగం వేగంతో విన్నాను, లెక్కపెట్టలేనంత దగ్గరదగ్గరగా ఉన్నాయి.

పానా_పట్టుకున్నవాడు
బెల్టు వైపా! అయితే టైమింగ్ బెల్టు కవర్ తగులుతుందేమో. లేదంటే క్రాంకు పుల్లీ బోల్టులు వదులైనా ఇదే మోత. నేను చూసిన ఒక బండికి బేరింగులు పోయాయని ఇంజన్ దింపి, అంతా కొత్తవి వేసి, తిరిగి బిగించేటప్పుడు పుల్లీ బోల్టులు గట్టిగా బిగించారు. చప్పుడు పోయింది. బేరింగులు మార్చినందుకే పోయిందని ఆ యజమాని ఇప్పటికీ నమ్ముతాడు.

కాజీపేట_లోకో
బాబూ, మొదట మీరు రాసినది మళ్లీ చదివాను. రాత్రి ఎక్కువ అన్నారు, సందడి లేకపోవడం వల్ల అనుకున్నారు. రాత్రి ఇంకొకటి కూడా జరుగుతుంది. మీరు హెడ్‌లైట్లు వేస్తారు.

ఇప్పుడే కిందికి వెళ్లి, ఇంజన్ వేడెక్కాక ఐడిల్‌లో పెట్టి, లైట్లు వేసి ఆపి వేసి ఆపి చూడండి. లైట్లు వేయగానే చప్పుడు పెరిగితే దొంగ ఆల్టర్నేటర్ (బండికి కరెంటు తయారు చేసే యంత్రం) దగ్గర ఉన్నాడు. కరెంటు ఎక్కువ లాగితే అది తిరగడానికి బరువెక్కుతుంది, బెల్టు దాన్ని గట్టిగా గుంజుతుంది. పుల్లీ షాఫ్టు మీద వదులుగా ఉంటే అక్కడ కొట్టుకుంటుంది. పొద్దున తక్కువ ఎందుకంటే చోక్ లాగినప్పుడు ఇంజన్ కొంచెం వేగంగా తిరుగుతుంది. మూడు సిలిండర్ల ఇంజన్ నెమ్మదిగా తిరిగితే కుదుపుతో తిరుగుతుంది, ఒక్కో పేలుడుకు బెల్టు ఒక్కో గుంజు గుంజుతుంది. వేగం పెరిగితే ఆ కుదుపు సర్దుకుంటుంది. వంతెన మీద వినిపించకపోవడం కూడా అందుకే.

మీది ఏసీ లేని బండి. ఒకే బెల్టు వాటర్ పంపునూ, ఆల్టర్నేటర్‌నూ తిప్పుతుంది. రేపు పొద్దున చల్లటి ఇంజన్ మీద ఆ బెల్టు తీసి స్టార్ట్ చేసి వినండి. అర నిమిషం మించవద్దు, నీళ్లు తిరగవు కాబట్టి. చార్జింగ్ లైటు వెలుగుతుంది, కంగారు పడవద్దు. చప్పుడు ఆగితే ఇంజన్ లోపల ఏమీ లేదు.

ఓరుగల్లు_1999
లైట్లు వేయగానే పెరిగింది! బాపు బయటికి వచ్చి, ఈ రాత్రివేళ లైట్లతో ఆటలేమిటని అడిగారు. రేపు పొద్దున బెల్టు తీస్తాను.

రెండో_గేర్
లైట్లు వేస్తే ఐడిల్ పడిపోతుంది, ఐడిల్ పడితే ఆయిల్ ప్రెషర్ పడుతుంది, బేరింగు చప్పుడు కూడా పెరగవచ్చు. ప్రెషర్ గేజి పెట్టకుండా తేల్చవద్దు.

కాజీపేట_లోకో
ఈ మాటతో ఏకీభవిస్తాను. ప్రెషర్ స్విచ్ విప్పి ఆ రంధ్రంలో గేజి బిగించి, ఇంజన్ పూర్తిగా వేడెక్కాక చూడాలి. వెయ్యి చుట్లకు (చదరపు అంగుళానికి) పది పౌండ్లు అన్నది పాత మెకానిక్‌ల మోటు లెక్క, మూడు వేల దగ్గర ముప్పైకి తగ్గకూడదు. డ్యాష్‌బోర్డులో లైటు ఆరిపోయింది కదా అని నమ్మకండి. ప్రెషర్ బాగా అడుగంటాక గానీ ఆ లైటు వెలగదు.

గనుల_బండి
నిజంగా బేరింగు పోయినప్పుడు ఎలా ఉంటుందో చెబుతాను, పోల్చుకోవడానికి పనికొస్తుంది. మా డీజిల్ జీపు. రామగుండం నుంచి మంచిర్యాల వెళ్తుంటే ధడ్ ధడ్ మొదలైంది, బరువు పడ్డప్పుడల్లా. డ్రైవరు పాటలు గట్టిగా పెట్టుకుని నడిపాడు. ఇంజన్ బ్లాకుకు పక్కన చేయి దూరేంత రంధ్రం చేసుకుని రాడ్డు బయటికి వచ్చింది. రోడ్డు మీద ఆయిల్, ముక్కలు.

తర్వాత నేర్చుకున్నది ఇది. ఆయిల్ దింపినప్పుడు తెల్ల ప్లాస్టిక్ గిన్నెలో పట్టి ఎండలో వంచి చూడాలి. రాగి రంగులోనో, వెండి రంగులోనో మెరిసే పొడి కనిపిస్తే అనుమానించాలి. అయస్కాంతం పెట్టి చూస్తే అతుక్కునేది ఉక్కు. బేరింగు పొర మెత్తటి లోహం, అది అతుక్కోదు. పాత ఫిల్టరును పారేయకుండా రంపంతో డబ్బా కోసి, లోపలి కాగితం మడతలు విప్పి చూడండి. పొడి ఎక్కువగా దొరికేది అక్కడే.

ఇంకో హెచ్చరిక. పాత రకం పంపు ఉన్న డీజిల్ ఇంజన్లలో ఇంజెక్టర్ పైపు నట్టు కొంచెం వదులు చేసి ఏ సిలిండర్‌లో చప్పుడో పట్టేవాళ్లం. కామన్ రైల్ (కొత్త రకం, అధిక ఒత్తిడి డీజిల్) బండ్లలో ఆ పని చచ్చినా చేయవద్దు. అందులో ఒత్తిడి వెయ్యి బార్‌లకు పైనే, ఆ చిమ్మే ధార చర్మంలోకి దిగుతుంది. డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిన గాయం అది, పైకి సూది గుచ్చినంతే కనిపిస్తుంది.

ఓరుగల్లు_1999
బెల్టు తీసి స్టార్ట్ చేశాను. నిశ్శబ్దం. అంటే ఇంజన్ మామూలు చప్పుడే, టక్‌టక్ లేదు.

ఆల్టర్నేటర్ పుల్లీని చేత్తో పట్టుకుని, వెనక ఫ్యాను రెక్కను ఆపి అటూ ఇటూ తిప్పితే, షాఫ్టు కదలకుండానే పుల్లీ కొంచెం కదులుతోంది. ప్రతి కదలికకు అదే టక్. వాటర్ పంపు పుల్లీ ఊగడం లేదు, నున్నగా తిరుగుతోంది. రెండో_గేర్ అన్న చెప్పినట్లు, ఆల్టర్నేటర్ విప్పే ముందు బెల్టు తిరిగి వేసి, ప్రెషర్ గేజి కూడా పెట్టించాను. వేడెక్కాక ఐడిల్‌లో 20 పైన, మూడు వేల దగ్గర 48.

ఆల్టర్నేటర్ విప్పి పోచమ్మ మైదాన్ వైపు ఒక ఆటో ఎలక్ట్రీషియన్‌కు ఇచ్చాను. నట్టు విప్పగానే పుల్లీ వేళ్లతోనే ఊడి వచ్చింది. షాఫ్టు గాడిలో ఉండే అర్ధచంద్రాకారపు ఇనుప ముక్క ఒక అంచున పూర్తిగా నలిగి ఉంది. పుల్లీ లోపలి గాడి వెడల్పయింది, చుట్టూ ఇటుక రంగు పొడి. లోహం లోహాన్ని రాసుకుంటే వచ్చే తుప్పు అది అని ఆయనే చూపించాడు. షాఫ్టు గాడి పనికొస్తుందట. పుల్లీ, ఆ ముక్క, నట్టు కింది స్ప్రింగ్ వాషర్, పనిలో పనిగా రెండు బేరింగులు, కార్బన్ బ్రష్‌లు మార్చాడు. అన్నీ కలిపి రెండు వేలు కాలేదు.

పానా_పట్టుకున్నవాడు
బెల్టు కొత్తది వేశారా? వదులు పుల్లీ మీద తిరిగిన బెల్టు అంచులు తినేసి ఉంటాయి. మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే సెంటీమీటరుకు దరిదాపుగా దిగాలి. అంతకంటే బిగిస్తే వాటర్ పంపు బేరింగు పోతుంది, వదిలేస్తే లైట్లు వేయగానే కీచుమంటుంది. అలా కీచుమన్నప్పుడు దూరం నుంచి నాలుగు చుక్కల నీళ్లు చల్లండి. క్షణం ఆగి మళ్లీ మొదలైతే ఆ కీచు బెల్టుదే.

రెండో_గేర్
సంతోషం. 48 పౌండ్లు మంచి అంకె, ఆ ఇంజన్‌కు ఇంకా ఆయుష్షు ఉంది. అయినా ఒక మాట. ఆ షెడ్డువాణ్ని అందరూ దొంగను చేస్తున్నారు. చప్పుడు విని చెప్పమంటే విన్నది చెప్పాడు. రెండు గంటలు పరీక్ష చేసి "ఇంజన్‌కు ఏమీ కాలేదు" అంటే రూపాయి ఇచ్చేవాడు ఎవరు? మా దగ్గర విప్పితేనే కూలి, వింటే లేదు. చూపించుకోవడానికి కూడా డబ్బు ఇస్తామని ముందే చెప్పండి, అప్పుడు మేమూ ప్లగ్గు వైర్లు పీకుతాం.

పరకాల_టీచర్
ఇది ఒప్పుకోవాల్సిన మాట. డాక్టరుకు చూసినందుకే ఫీజు ఇస్తాం.

జనగామ_జీప్
మరి ఆ చిక్కటి ఆయిల్ డబ్బా నేను కొని ఉంచాను, ఏం చేయమంటారు?

పానా_పట్టుకున్నవాడు
ఇంటి గేటు కీళ్లకు వేయండి.

ఓరుగల్లు_1999
కొత్త బెల్టు వేయించాను. నిన్న ములుగు దాకా వెళ్లి వచ్చాం, రాత్రి లైట్లతోనే. బాపు పక్క సీట్లో కూర్చుని దారంతా ఇంజన్ విన్నారు. ఇప్పుడు ఎడమ వైపు ముందు చక్రం దగ్గర ఏదో అంటోందట, నాకేమీ వినిపించడం లేదు. దానికి వేరే చర్చ మొదలుపెడతాను.

తొర్రూరు_కొత్త
నేను ఈ వేదికకు కొత్త. ఇదంతా చదివి అడుగుతున్నాను. మా బండిలో ఆయిల్ ఎర్ర లైటు మలుపుల దగ్గర, బ్రేకు వేసినప్పుడు వెలిగి ఆరుతోంది. ట్యాపెట్ల చప్పుడు కూడా ఈ రోజే మొదలైంది. వరంగల్‌లో పెళ్లి ఉంది, ఇప్పుడే బయలుదేరాలి. నెమ్మదిగా నడుపుకుంటూ వెళ్లవచ్చా?

కాజీపేట_లోకో
వెళ్లవద్దు. ఇంజన్ ఆపండి. మలుపులో, బ్రేకులో వెలుగుతోందంటే చాంబర్‌లో ఆయిల్ అడుగంటింది, బండి ఒరిగినప్పుడల్లా పంపు గాలి పీలుస్తోంది. నెమ్మదిగా నడిపితే మేలు కాదు, ఇంజన్ నెమ్మదిగా తిరిగితే ప్రెషర్ ఇంకా తక్కువ. పుల్ల తీసి చూసి రాయండి.

తొర్రూరు_కొత్త
పుల్ల చివర కొద్దిగా తడి ఉంది, అంతే. బస్సులో వెళ్తున్నాం.

కాజీపేట_లోకో
మంచిది. తిరిగి వచ్చాక ఆయిల్ పోసే ముందు బండి కింద అట్టముక్క పరచండి. కారుతుంటే ఎక్కువగా మూడు చోట్ల: చాంబర్ కింది బోల్టు, ఫిల్టరు మొదలు, ప్రెషర్ స్విచ్. ఈమధ్య ఆయిల్ మార్పించి ఉంటే ఫిల్టరు మొదట చూడండి, పాత రబ్బరు వలయం ఇంజన్‌కే అతుక్కుని ఉండగా దాని మీదే కొత్తది బిగించేస్తుంటారు. ఎక్కడా కారకపోతే ఆయిల్ మండిపోతున్నట్లు. అప్పుడు సైలెన్సర్ పొగ రంగు ఎలా ఉందో రాయండి, స్టార్ట్ చేసినప్పుడూ, ఎక్సలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడూ విడివిడిగా.